వరుని కొన్న వధువు
('వరవిక్రయం' చలనచిత్రంలోని హాస్యమూ, ఆలోచనా)

నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దల సామెత. అయితే గోదావరి తీరపు సంఘసంస్కర్తలు ఈ సామెతను ఎన్నడూ మన్నించినట్లు కనబడదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1876లో 'హాస్య సంజీవని' పత్రికను నెలకొల్పి, పసిపిల్లను పెండ్లాడబోయే ముసలివానిని గూర్చి 'బ్రహ్మవివాహము' అనే ప్రహసనం వ్రాసినారు. శాస్త్రచర్చకు లొంగని పెద్దమనుషులు సైతం పదిమందిలో నవ్వులపాలు కావడానికి వెరతురని ఆయన గ్రహించినారు. దురాచారానికి కోపం కంటె నవ్వే గట్టి మందు అని నమ్మిన ఈ సంప్రదాయం రచన నుండి రంగస్థలానికీ, రంగస్థలం నుండి వెండితెరకూ నడిచి వచ్చినది. ఆ నడకలో 1939 నాటి 'వరవిక్రయం' చిత్రం ఒక ముఖ్యమైన మజిలీ. నేటి యువతరంలో ఈ పేరు విన్నవారు తక్కువ. చూచినవారు మరీ తక్కువ. స్త్రీ పురుషుల విలువలను గూర్చి మన సంఘం ఏమనుకొన్నదో, ఏమనుకొంటున్నదో తెలుసుకొనడానికి ఆ చిత్రాన్ని ఒకమారు పరిశీలించడం అవసరమని మేము భావిస్తున్నాము.

ముందుగా ఈ ప్రసంగానికీ మా యానాంకూ గల సంబంధాన్ని మనవి చేయాలి. యానాంకు ఒకప్పుడు 'కల్యాణపురం' అనే పేరు వాడుకలో ఉండెడిది. వినడానికి మంగళకరంగా ఉన్న ఆ పేరు వెనుక అంత మంగళం లేదు. హరబిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1 నుండి బ్రిటిషు ఇండియాలో అమలులోనికి వచ్చినది. ఆ చట్టం ప్రకారం బాలికకు 14 ఏండ్లు, బాలునికి 18 ఏండ్లు నిండనిదే వివాహం జరుపరాదు. కాని చట్టం చేయి సరిహద్దు దాటదు గదా! యానాం అప్పుడు ఫ్రెంచివారి పాలనలో ఉన్నది. చుట్టుపట్ల బ్రిటిషు గ్రామాలవారు పసివాళ్లను వెంటబెట్టుకొని యానాంకు వచ్చి, ఇక్కడ పందిళ్లు వేసి, మూడుముళ్లు వేయించి, తిరిగి తమ ఊళ్లకు వెళ్లిపోయేవారు. ఆ విధంగా ఊరికి కల్యాణపురమని పేరు వచ్చినది. 1954లో ఫ్రెంచి పాలన ముగిసేవరకు యానాం బ్రిటిషు చట్టానికీ, తరువాత స్వతంత్ర భారత చట్టానికీ వెలుపలనే ఉండిపోయినది. ఆడపిల్ల వయస్సును గూర్చిన ధర్మం ఒక కాలువ గట్టు దాటగానే మారిపోగలదన్నది మా ఊరు నేర్పిన పాఠం. సరిగా ఆ రోజులలోనే, యానాంకు సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న కాకినాడకు చెందిన ఒక దర్శకుడు, ఆ పట్టణంతోనే అనుబంధం గల ఒక నాటకకర్త రచనను తీసుకొని, పెండ్లి పేర జరిగే బేరాన్ని తెరమీద నవ్వులపాలు చేసినాడు.

ఆ నాటకకర్త కాళ్లకూరి నారాయణరావుగారు (1871–1927). పశ్చిమ గోదావరి జిల్లా మత్స్యపురిలో జన్మించిన ఈయన సంఘదోషాలను ఎత్తిచూపుతూ మూడు ప్రసిద్ధ నాటకాలు రచించినారు. 'చింతామణి' వేశ్యాలోలత్వాన్నీ, 'మధుసేవ' మద్యపానాన్నీ, 'వరవిక్రయము' వరకట్నాన్నీ లక్ష్యంగా చేసుకొన్నవి. 1920వ దశకపు తొలినాళ్లలో వెలువడిన 'వరవిక్రయము'ను తెలుగునాట నాటక సమాజాలు దశాబ్దాల తరబడి ప్రదర్శించినవి. దానిని చిత్రంగా మలచినవారు చిత్తజల్లు పుల్లయ్యగారు. కాకినాడవాసియైన ఆయన కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీకి 1933లో 'సావిత్రి', 1934లో 'లవకుశ' తీసి తెలుగు చిత్రాలకు జనాన్ని అలవాటు చేసినవారు. పురాణకథలతో పేరు గడించిన అదే దర్శకుడు, అదే సంస్థ పక్షాన, పక్కింటి పెండ్లిబేరాన్ని తెరకెక్కించడం ఆనాటికి సాహసమే.

కథ సంక్షిప్తంగా ఇది. పురుషోత్తమరావు ఉద్యోగం విడిచిన మర్యాదస్థుడు; కట్నమంటే అసహ్యించుకొనేవాడు. ఆయనకు కాళింది, కమల అని ఇద్దరు కుమార్తెలు. ఆడపిల్లలను ఇంట ఎంతకాలం ఉంచుకొందుమనే ఒత్తిడికి తలవొగ్గి, తన సిద్ధాంతాన్ని ప్రక్కనబెట్టి, ఆయన వేల రూపాయల కట్నానికి అంగీకరించి పెద్దపిల్లకు సంబంధం కుదుర్చుతాడు. వరుడు సింగరాజు లింగరాజు అనే పరమ పిసినిగొట్టు ధనికుని దత్తపుత్రుడు బసవరాజు. తన పెండ్లి తండ్రిని అప్పులపాలు చేయడం సహించలేక కాళింది ప్రాణత్యాగం చేస్తుంది. పిల్ల పోయినా చేతబడిన రూకలను లింగరాజు తిరిగి ఇవ్వడు. అప్పుడు చెల్లెలు కమల ముందుకు వచ్చి, అదే వరుని తాను పెండ్లాడుతానంటుంది. పెండ్లి జరుగుతుంది. కాని కమల అత్తవారింటికి వెళ్లదు. "మేము వెల యిచ్చి కొన్నాము, కొన్న వస్తువు కొన్నవారి ఇంటికి రావలె గాని, కొన్నవారు వస్తువు వెంట వెళ్లుదురా?" అన్నది ఆమె వాదం సారాంశం. వ్యవహారం న్యాయస్థానం దాక పోతుంది. లింగరాజు గర్వం అణగుతుంది.

ఈ కథలోని హాస్యం రుచి తెలియాలంటే, మన ప్రాంతంలో పెండ్లి బేరం ఏ విధంగా దిశ మార్చుకొన్నదో తెలియాలి. పందొమ్మిదో శతాబ్దంలో కొన్ని వర్గాలలో కన్యాశుల్కం ఉండెడిది. అనగా ఆడపిల్ల తండ్రి వరుని పక్షంనుండి సొమ్ము పుచ్చుకొని, పసిపిల్లను వృద్ధునికైనా ఇచ్చివేసేవాడు. 1892లో ప్రదర్శితమై 1897లో ముద్రితమైన గురజాడవారి 'కన్యాశుల్కం' నాటకం ఆ వ్యాపారంమీద విసిరిన నవ్వు. అందులో లుబ్ధావధాన్లు సొమ్ము పోసి కొన్నది నిజానికి ఆడపిల్లను కాదు, ఆడవేషం కట్టిన పిల్లవానిని. సరుకును పరీక్షించకుండ కొన్నవాని గతి అదే అని ప్రేక్షకులు నవ్వుకొన్నారు. తరువాత ఇంగ్లీషు చదువులు, సర్కారు ఉద్యోగాలు, నెలజీతాలు వచ్చినవి. పట్టా పుచ్చుకొన్న పెండ్లికొడుకుల సంఖ్య కొద్ది. వారిని కోరే ఆడపిల్లల తండ్రుల సంఖ్య ఎక్కువ. అంతట త్రాసు రెండవవైపుకు మొగ్గినది. పరీక్షలు ప్యాసైనకొలది వరుని వెల పెరిగినది. శుల్కం పోయి కట్నం వచ్చినది. ఒకనాడు పిల్లను అమ్మినవారు, నేడు పిల్లవానిని అమ్ముతున్నారు. కాళ్లకూరివారు నాటకానికి 'వరవిక్రయము' అని పేరు పెట్టడంలోని చురుక్కు ఇదే. 'కట్నం' అనే మాటలో కానుక అనే మర్యాద ధ్వనిస్తుంది. 'విక్రయం' అన్న మాటలో ఆ ముసుగు లేదు. పేరుతోనే సగం నాటకం ముగిసినది.

ఇక చిత్రంలోని హాస్యపు కీలును పరిశీలిద్దాము. కమల ఎదుటివారి ధర్మాన్ని ఖండించదు. వారి ధర్మాన్నే వారికంటె గట్టిగా పట్టుకొంటుంది. ఇది మూడు మెట్లుగా సాగుతుంది. మొదటి మెట్టు: సొమ్ము చేతులు మారినది గనుక ఇది అమ్మకమని ఒప్పించడం. లింగరాజు కట్నాన్ని పైసాతో సహా లెక్కగట్టి పుచ్చుకొన్నవాడు కనుక, కాదనడానికి వీలులేదు. రెండవ మెట్టు: అమ్మకమైనచో అమ్మినవానికి వస్తువుమీద హక్కు పోవాలి. ఇది ఏ అంగడిలోనైనా చెల్లే న్యాయమే. మూడవ మెట్టు: అందుచేత వరుడు కొన్నవారి ఆస్తి, వారు చెప్పినచోట ఉండవలసినవాడు. ప్రతి మెట్టూ సక్రమమే. చివర తేలిన ఫలితం మాత్రం లోకవిరుద్ధం. ప్రేక్షకుడు నవ్వుతాడు. నవ్విన మరుక్షణం ఒక ప్రశ్న అతనిని వెంటాడుతుంది. పురుషుని వస్తువుగా భావించడం ఇంత నవ్వు పుట్టిస్తే, అదే స్త్రీ విషయంలో నిత్యం జరుగుతున్నప్పుడు మనమేల నవ్వలేదు? తూకంలోని తప్పును చూపడానికి రాళ్లను అటువి ఇటు, ఇటువి అటు మార్చి తూచడమే కమల చేసిన పని. చిత్రం చెప్పదలచిన సత్యమంతా ఈ తారుమారులోనే ఉన్నది.

లింగరాజు పాత్రను ధరించినవారు బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు. 'సత్యహరిశ్చంద్రీయం' నాటకకర్తగా తెలుగువారికి చిరపరిచితులైన ఆయన, సత్యానికి సర్వస్వం ధారపోసిన రాజును సృష్టించిన చేతితోనే రూపాయికి సర్వస్వం ధారపోసే పిసినారిగా తెరపై నిలిచినారు. ఈ లింగరాజు కత్తి పట్టే క్రూరుడు కాడు. అతడు లెక్క తెలిసినవాడు, అంతే. తన సొమ్మును తాను ప్రేమించడంలో దోషం ఏమున్నదని నిజంగానే నమ్మేవాడు. కట్నం దుర్మార్గుల వలన మాత్రమే నడిచే ఆచారమైనట్లయితే అది ఏనాడో నశించి ఉండెడిది. మన బంధువుల వలె మాట్లాడే, మర్యాదగా మంచినీళ్లిచ్చే, పూజలు తప్పని గృహస్థులవలననే అది నడుస్తున్నది. లింగరాజును చూచి నవ్విన ప్రేక్షకులలో అనేకులు ఇంటికి వెళ్లి అదే లెక్కలు వేసి ఉందురు.

ఇతర చిత్రాలతో పోల్చి చూచినప్పుడు 'వరవిక్రయం' ప్రత్యేకత మరింత స్పష్టపడుతుంది. 1952లో విజయావారు నిర్మించగా ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన 'పెళ్లిచేసి చూడు' కూడ కట్నాన్ని నవ్వులాటకు గురిచేసిన చిత్రమే. అది బహుళ జనాదరణ పొందినది. అందులో కట్నం అందలేదని తండ్రి కొడుకును పెండ్లిపీటలమీద నుండి లేపుకొని పోగా, ఆ కొడుకే పిచ్చివానివలె నటించి తండ్రి ఆశను భంగపరుస్తాడు. ఉపాయం పన్నేవాడు పురుషుడు. స్త్రీ అతనికి తోడు. పదమూడేండ్లు ముందు వచ్చిన 'వరవిక్రయం'లో ఉపాయం పన్నేది, వాదించేది, గెలిచేది స్త్రీ. కాలం ముందుకు నడిచినా, హాస్యంలో స్త్రీ చేతనున్న పగ్గం వెనుకకు నడిచినదన్నమాట.

దేశాంతరాలలోని హాస్యచిత్రాన్ని ఒకదానిని కూడ ఇక్కడ తలచుకొనవచ్చును. స్వీడన్ దేశంలో మారిట్జ్ స్టిల్లర్ 1920లో 'ఎరోటికాన్' అనే నవ్వుల చిత్రం తీసినాడు. అందులో కీటకశాస్త్రంలో మునిగితేలే ఒక ఆచార్యుని భార్య, చివరకు భర్తతో విడిపోయి తాను వలచిన శిల్పిని చేరుతుంది. ఆచార్యుడు పెద్దగా చింతించడు. అక్కడి హాస్యానికి మూలం ఇద్దరు వ్యక్తుల ఇష్టాయిష్టాలు. మన చిత్రంలో వధూవరుల ఇష్టం ఊసే లేదు. రెండు కుటుంబాలు, మధ్యన ఒక పద్దుల పుస్తకం. అందుచేతనే మన హాస్యం అంగడి భాష మాట్లాడవలసి వచ్చినది. వారు 'ప్రేమ నిలుచునా?' అని అడిగితే, మనవారు 'సొమ్ము ఎవరిది?' అని అడిగినారు. ఏ సంఘం నవ్వు ఆ సంఘపు గాయం దగ్గరనే పుట్టుతుంది.

చిత్రాన్ని మెచ్చుకొన్నంత మాత్రాన దాని పరిమితులను విస్మరించరాదు. మొదటిది, కమల నవ్వించడానికి ముందు కాళింది మరణించవలసి వచ్చినది. అక్క ప్రాణం పోతేనే గాని చెల్లెలి మాటకు విలువ రాలేదు. బ్రతికి ఉన్న ఆడపిల్ల 'నాకీ పెండ్లి వద్దు' అంటే వినే చెవి ఆ ఇంట లేదు. రెండవది, కమల గెలుపు వివాహబంధానికి లోపలి గెలుపే. ఆమె వరుని కొనవచ్చును గాని, వద్దనే స్వేచ్ఛ ఆమెకు కథ ఇవ్వలేదు. ఆనాటి ప్రేక్షకులు అంతవరకే సహించగలరని రచయితకు తెలుసు కాబోలు.

మూడవ విషయం తెరకు వెలుపలిది. కాళిందిగా నటించిన బాలిక తరువాతి కాలంలో మహానటిగా పేరుగాంచిన భానుమతిగారు. అదే ఆమె తొలిచిత్రం; అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండీ నిండని ప్రాయం. శారదా చట్టం పెండ్లికి నిర్ణయించిన కనీస వయస్సు కూడ అదే. సినిమాలలో చేర్చడానికి ఒప్పుకొన్న తండ్రి, నటులెవరూ తన కుమార్తెను తాకరాదనే షరతు విధించినారని ప్రసిద్ధి. కట్నానికి బలియైన బాలికను గూర్చిన చిత్రంలో నటించే బాలిక పక్షాన కూడ ఒప్పందం మాట్లాడినవారు పెద్దలే. కమల పాత్రధారిణి పుష్పవల్లిగారు పశ్చిమ గోదావరి జిల్లా పెంటపాడు ఆడపడుచు; ఆమెదీ ఇంచుమించు అదే వయస్సు. భానుమతిగారు మాత్రం అక్కడ ఆగిపోలేదు. 1953లో 'చండీరాణి' చిత్రాన్ని మూడు భాషలలో స్వయంగా దర్శకత్వం వహించి నిర్మించినారు. 'అత్తగారి కథలు' వ్రాసి, అత్తాకోడండ్ర లోకాన్ని తిట్టకుండ, కొట్టకుండ నవ్వించినారు. తెరమీద మౌనంగా మరణించిన కాళింది, జీవితంలో కమలగా మారినదని మేము అనుకొనడం అతిశయోక్తి కాదు.

ఇంతవరకు చెప్పినది హిందూ కుటుంబాల కథ గనుక మనకు సంబంధం లేదని మా ముస్లిం విద్యార్థులు అనుకొనరాదు. ఇస్లాం ధర్మంలో నికాహ్ అనేది ఒడంబడిక. వధువు అంగీకారం దానికి ముఖ్యం. వరుడే వధువుకు మహర్ చెల్లించాలి. స్త్రీలకు మహర్‌ను మనస్ఫూర్తిగా ఇవ్వవలసినదని ఖుర్ఆన్‌లోని 'అన్నిసా' అధ్యాయం నిర్దేశిస్తున్నది. ఆ సొమ్ము తండ్రిది కాదు, అన్నది కాదు, పూర్తిగా ఆమెది. అంటే మన ధర్మశాస్త్రం ప్రకారం సొమ్ము వరునినుండి వధువుకు ప్రవహించాలి. కాని ఆచరణలో ఏమి జరుగుతున్నది? 'జోడా' రకం అనీ, 'జహేజ్' అనీ పేర్లు పెట్టి వధువు ఇంటినుండి పుచ్చుకొంటున్నాము. మహర్‌ను మాత్రం పుస్తకంలో వ్రాయించి, చెల్లింపును వాయిదా వేస్తున్నాము. లింగరాజు కనీసం తన ధర్మం ఇచ్చిన ఆజ్ఞను తలక్రిందులు చేయలేదు. మనం ఆ పని కూడ చేస్తున్నాము. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం సైతం కట్నానికి నిర్వచనం ఇస్తూ, ముస్లింల మహర్ కట్నం క్రిందకు రాదని స్పష్టం చేసినది. శాసనకర్తలకు తెలిసిన ఆ భేదం మన పెండ్లిపెద్దలకు తెలియకపోవడం విచారకరం.

చట్టాల చరిత్రను కూడ ఒకమారు చూడాలి. ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసినది. 1961లో కేంద్ర చట్టం వచ్చినది. 1984, 1986 సవరణలతో అది పదును తేరినది. వేధింపులను శిక్షించే 498-ఎ సెక్షను 1983లోను, వరకట్న మరణానికి సంబంధించిన 304-బి సెక్షను 1986లోను శిక్షాస్మృతిలో చేరినవి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అవి 85, 80 సెక్షన్లుగా ఉన్నవి. వీటన్నిటిలోను మాకు కమల గొంతు వినిపించే నిబంధన ఒకటి ఉన్నది. అది 1961 చట్టంలోని ఆరవ సెక్షను. కట్నం ఎవరు పుచ్చుకొన్నా, దానిని నిర్ణీత గడువులోగా ఆ స్త్రీకే అప్పగించవలెననీ, అంతవరకు ఆమె మేలు కొరకే భద్రపరచవలెననీ ఆ సెక్షను శాసిస్తున్నది. 'సొమ్ము ఎవరిది?' అనే ప్రశ్నకు శాసనం ఇచ్చిన జవాబు అది.

అయినను వ్యాపారం ఆగలేదు. 2022లో దేశమంతటా ఆరువేలకు పైగా వరకట్న మరణాలు నమోదైనట్లు జాతీయ నేర నమోదు సంస్థ నివేదిక తెలుపుతున్నది. అనగా రోజుకు పదునారుగురికి తక్కువ కాకుండ కాళిందులు. చట్టం బలహీనం కావడం ఒక కారణమైతే, మాట మారడం మరొక కారణం. శారదా చట్టాన్ని తప్పించుకొనడానికి ఆనాటివారు యానాం సరిహద్దు దాటినారు. వరకట్న చట్టాన్ని తప్పించుకొనడానికి నేటివారు మాటల సరిహద్దు దాటుతున్నారు. కట్నమనరు, లాంఛనాలంటారు, పసుపుకుంకుమలంటారు, పిల్లకు పెట్టుకొన్నదంటారు, అల్లునికి ముచ్చటపడి ఇచ్చిన వాహనమంటారు. కల్యాణపురం ఇప్పుడు ఒక ఊరిపేరు కాదు. ప్రతి ఇంటిలోని ఒక గది. చట్టం ప్రవేశించలేని ఆ గదిలోనికి నవ్వు ప్రవేశించగలదు. వస్తువుకు దాని అసలు పేరు పెట్టి పిలిచే ధైర్యం నవ్వుకు ఉన్నది.

మా విద్యార్థినీ విద్యార్థులలో అనేకులకు కొలది సంవత్సరాలలో పెండ్లిమాటలు నడుస్తవి. ఆనాడు పెద్దలు మరొక గదిలో కూర్చుండి, గొంతు తగ్గించి అంకెలు మాట్లాడుకొంటారు. ఆ వేళ కాళింది వలె మౌనం వహించనవసరం లేదు. ప్రాణం తీసుకొనడం అంతకంటె కూడదు. కమల వలె పెండ్లాడి న్యాయస్థానానికి ఎక్కవలసిన పని కూడ లేదు. ఆమెకు లేని చదువు, చట్టం, వద్దనే హక్కు నేడు మీకున్నవి. తలుపు తీసి, వినయంగానే, చిరునవ్వుతోనే ఒక్క ప్రశ్న అడిగితే చాలును. "ఇది కానుక అయితే అడిగి తీసుకొనడమెందుకు? అమ్మకమైతే రసీదు ఏది?" అని. ఆ ప్రశ్న ఆడపిల్ల మాత్రమే అడగవలసినది కాదు. తనకు వెల కట్టబడుతున్నదని తెలిసిన పెండ్లికొడుకు ముందుగా అడగవలసినది.